రెండు తెలుపులు

మా అత్త పళ్ళు చేస్తుంది. డాక్టర్లు రోగి నోట్లోంచి తీసిన అచ్చును డబ్బాలో పెట్టి పంపిస్తే, దాన్నిబట్టి మైనంతో రూపం కట్టి, పింగాణీ పన్ను చేసి, కొలిమిలో కాల్చి వెనక్కి పంపుతుంది. ఆవిడ పనిచేసే ల్యాబు ఒక మందుల దుకాణం పైన ఉంది. మెట్ల మీద ఎప్పుడూ తెల్లపొడి. మా వీధిలో పెద్దమనుషులు చాలామంది ఆవిడ చేసిన పళ్ళతోనే నవ్వుతారు. ఆవిణ్ణి చూసి కూడా ఆ పళ్ళతోనే నవ్వుతారు.

అత్త మా నాన్నకు చెల్లెలు. మొగుణ్ణి వదిలేసి వచ్చింది. ఆ మొగుడు కొట్టలేదు, తాగలేదు. అందువల్ల ఆవిడ మీద ఎవరికీ జాలి కలగలేదు. ఆవిడ నోరు తెరిస్తే ఆయన టీవీ శబ్దం పెంచేవాడట. అంతే. ఆ సంగతి చెప్పినప్పుడల్లా విన్నవాళ్ళు "దీనికేనా?" అన్నారు. మళ్ళీ మళ్ళీ అడిగించుకోవడం ఇష్టం లేక ఆవిడ చెప్పడం మానేసింది. నాన్న ముందుగది ఇచ్చాడు. ఇచ్చిన సంగతి రోజూ అన్నంలో కలిపి వడ్డించాడు.

ఆ గదిలోకి తొట్టి వచ్చిన తీరు కూడా వింతే. ఒక పళ్ళడాక్టరు తన ఆసుపత్రి వరండాలో అలంకారానికి సముద్రపునీటి తొట్టి పెట్టుకుని, చూసుకోలేక విసుగెత్తి పారేస్తున్నాడు. పన్ను ఇవ్వడానికి వెళ్ళిన అత్త దాన్ని ట్రాలీబండి మీద ఎక్కించుకుని వచ్చేసింది. చేపలు అప్పటికే చచ్చాయి. అడుగున టీ మరకలాంటి రంగులో, విరిగిన దువ్వెన ముక్కలా ఒకటి మిగిలింది.

"అదేంటే? రాయా?" అన్నాడు నాన్న.

"పగడం. రాతి పగడం. బతికే ఉంది."

"పగడమైతే మెళ్ళో వేసుకోవాలి గానీ నీళ్ళల్లో వేసుకుంటారా? ఇంత వికారంగా ఉందేం?"

"ఇది దీని రంగు కాదు అన్నయ్యా. వెలుతురు చాలక, మురికి ఎక్కువై ఇలా అయింది."

నాన్నకు రవాణా కంపెనీలో సరుకు చూసుకునే పని. ఇంట్లో మమ్మల్నీ సరుకుగానే చూస్తాడు. ఏది ఎక్కడ ఉండాలో, ఏది ఎప్పుడు బయటికి పోవాలో ఆయనే చెప్పాలి. రోడ్డువైపున్న ముందుగది మీద ఆయనకు ఎప్పటినుంచో కన్నుంది. దుకాణానికి అద్దెకిస్తే ఇంటికి పరువని ఆయన నమ్మకం. ఒకరోజు భోజనాల దగ్గర, అమ్మా నేనూ వింటుండగా, వెటకారంగా అన్నాడు: "సరేనే, ఆ తొట్లో ప్రాణమంటూ ఉన్నంతకాలం ఆ గది నీది. అది పోయిన రోజు గది నాది."

"మాట మీద ఉంటావా అన్నయ్యా?"

"నా మాట రాతిమీద గీత."

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. అత్త చెయ్యి కడుక్కుని తన గదిలోకి వెళ్ళి లైటు సరిచేసుకుంది.

ఆవిడ ఆ రాయిని ఎలా సాకిందో దగ్గరుండి చూశాను. పగడానికి లోపల తెల్లటి ఎముక, పైన పలచటి ప్రాణమున్న పొర. నీళ్ళలోంచి సున్నం తీసుకుని ఆ ఎముకను అదే కట్టుకుంటుంది. పంటికైనా దీనికైనా కావలసింది సున్నమే అనేది అత్త. తొట్టిలోని నీటికి రోజూ కాస్త సున్నం మందు, మంచి లైటు, ఆగకుండా తిరిగే పంపు. చేతికి సబ్బు వాసన ఉంటే తొట్టిలో పెట్టేది కాదు. ఏళ్ళు పట్టింది. ముందు కొసలు తెల్లబడ్డాయి, తరవాత కొసల్లో లేత ఊదా వచ్చింది, ఆఖరికి మొత్తం పగడం నిగనిగలాడే వంకాయ రంగుకు తిరిగింది. కొమ్మలు వేసింది. దాని పక్కన రంగుచేపల దుకాణం గడ్డపాయన ఇచ్చిన ఆకుపచ్చ పగడం ముక్కా, నారింజ ముక్కా చేరి తొట్టి గాజు మీదికి పాకాయి. చుట్టాలొస్తే మాత్రం ఒకటే మాట: "రాళ్ళు పెంచుతోందట! పిల్లలు లేనివాళ్ళకి ఏదో ఒకటి ఉండాలిగా."

వాళ్ళకు పిల్లలున్నారు, మావాళ్ళకు నేనున్నాను. నన్ను చూడండి, గోదాములో పెట్టెలు మోస్తూ పాతపుస్తకాలు చదువుకుంటున్నాను. మా ఇంట్లో ఎవరూ ఏ రంగుకూ తిరగలేదు.

ఎండాకాలంలో ల్యాబుకు కొత్త కొలిమి వచ్చింది. దాని పని నేర్చుకోవడానికి అత్తను పొరుగూరు పంపారు. వెళ్ళేముందు గది తాళం అమ్మ చేతిలో పెట్టి రెండు పాత్రలు చూపించింది. నీలం క్యానులో మంచినీళ్ళు. తెల్ల డ్రమ్ములో ఉప్పు కలిపి ఉంచిన సముద్రపునీళ్ళు, అది తను వచ్చాక పాతనీళ్ళు మార్చడానికి.

"వదినా, ఎండకి నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం తొట్లోనే ఉంటుంది. అందుకని ఈ గీత దాకా నీలం క్యానులోవే పొయ్యి. తెల్లది ముట్టుకోకు."

"అలాగేలే అమ్మాయ్. వంటింట్లో ఇన్నేళ్ళు ఉప్పూ నీళ్ళే కదా నా బతుకు."

తిరిగొచ్చిన రోజు అత్త భుజం మీది సంచీ దించకుండానే తొట్టి ముందు నిలబడిపోయింది. నేను వెనకే ఉన్నాను. వంకాయ రంగు లేదు. పగడం మొదలు నుంచి కొసల దాకా సుద్దముక్కలా తెల్లబారింది. ఆకుపచ్చదీ నారింజదీ అడుగున ముక్కలై రాలాయి. నీళ్ళలో చిన్నచిన్న పొరలు చర్మం ఊడినట్టు తేలుతున్నాయి.

"వదినా," అంది, గొంతు పెంచకుండా. "ఏ నీళ్ళు పోశావు?"

అమ్మ నాన్న వైపు చూసింది.

"నేనే పోయించాను," అన్నాడు నాన్న. "సముద్రంలో పుట్టినదానికి మీ వదిన మంచినీళ్ళు పోస్తుంటే చూస్తూ కూర్చోమంటావా? ఆమాత్రం ఇంగితం లేదా మాకు? డ్రమ్ములోవి పొయ్యమన్నాను, రోజూ."

"కావాలనే చేశావా?"

"ఏడిశావ్! చంపాలనుకుంటే ప్లగ్గు పీకేవాణ్ణి. రోజూ అన్ని చెంబులు మోయిస్తానా?"

అది నిజం. మా నాన్నకు కుట్ర చేసేంత ఓపిక లేదు. ఆయన జబ్బు వేరు. తనకు తెలియని సంగతి ఒకటి ఈ లోకంలో ఉందంటే, అది లోకం తప్పనుకుంటాడు. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు కాదు; ఉప్పునీళ్ళ మీద ఉప్పునీళ్ళు పోసుకుంటూ పోతే తొట్టి ఊరగాయ జాడీ అవుతుంది. అమ్మకు అది తెలుసు. తెలిసి కూడా ఆయన మాట ప్రకారం పోసింది. మా ఇంట్లో తెలియడం వేరు, చెయ్యడం వేరు.

అత్త ఉప్పు కొలిచే గొట్టంలో రెండు చుక్కలు వేసి వెలుతురుకేసి చూసింది. ఉప్పు బాగా ఎక్కింది.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు నాన్న. గొంతులో కాస్త సిగ్గుంది, సిగ్గుకంటే కాస్త ఎక్కువగా తొందర ఉంది. "మాట మాటే కదా. కళ్ళజోళ్ళు అమ్మే ఆయన దుకాణానికి ఎప్పటినుంచో అడుగుతున్నాడు. గది కొలుచుకోడానికి రమ్మంటాను. నువ్వు వెనకగదిలో సర్దుకో."

"పోలేదు," అంది అత్త.

"కళ్ళెదురుగా తెల్లగా కనిపిస్తుంటే పోలేదంటావేంటే?"

అత్త సంచీలోంచి ల్యాబులో కళ్ళకు కట్టుకునే భూతద్దం తీసి పెట్టుకుంది. గోడకు వేలాడుతున్న పళ్ళరంగుల పట్టీ అందుకుంది. దానికి వరసగా నమూనా పళ్ళుంటాయి. నాకు అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. ఆవిడకు ఒక్కోటీ ఒక్కో తెలుపు. సిగరెట్టు తాగేవాడి తెలుపు, ముసలమ్మ తెలుపు, పెళ్ళిచూపులకు వెళ్ళేవాడు కోరే తెలుపు. పట్టీని గాజుకు ఆనించి పగడాన్ని కొమ్మ కొమ్మా చూసింది.

"అల్లుడూ, ఇలా రా. కింద చూడు. ఎలా ఉంది?"

"తెల్లగా."

"పైన?"

"తెల్లగానే ఉందత్తా."

"కాదు. కిందది ఉత్త ఎముక. సుద్ద తెలుపు, వెలుతురు తగిలినా మెరవదు. పైన కొసల దగ్గర చూడు, పచ్చిపాల మీది మీగడలా లేదూ? రంగు పోయింది గానీ పొర ఉంది. గాజులాంటి పొర. లోపలి ఎముక కనబడి తెల్లగా ఉంది, అంతే. అది బతికుంది."

నాకు నిజంగా కనిపించిందో, కనిపించాలని పంతం పట్టి చూశానో చెప్పలేను. కానీ చూశాను.

"అయితే నీళ్ళన్నీ ఒక్కసారే మార్చేద్దాం," అన్నాను.

"నిప్పుల మీంచి దిగినవాణ్ణి మంచుగడ్డ మీద కూచోబెడతావా? ఉన్న ప్రాణం కూడా పోతుంది. ఉప్పు పెరిగినంత మెల్లగానే దిగాలి."

రోజూ కొద్దికొద్దిగా ఉప్పునీళ్ళు తోడేది, అంతకంత మంచినీళ్ళు బొట్టుబొట్టుగా పడేలా సన్నగొట్టం వేసేది. ల్యాబు నుంచి రాగానే భూతద్దం. ఈలోపు చావు కిందినుంచి పైకి పాకుతోంది. పొర ఊడుతూ, ఊడుతూ, కొమ్మల నడుము దాకా వచ్చింది. ఆ సాయంత్రం అత్త ల్యాబు నుంచి గట్టి అచ్చుల్ని కత్తిరించే కత్తెర తెచ్చింది. పగడాన్ని గిన్నెలోకి తీసి, కత్తెరను కొమ్మల్లో ఇంకా ప్రాణమున్నచోట పెట్టి నొక్కింది. టక్కుమంది.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఉలిక్కిపడింది. "అయ్యో, బాగున్నచోట నరుకుతావేమే! ఆ చచ్చినచోటు తీసెయ్యి."

"బాగున్నచోటే నరకాలి వదినా. చచ్చేదాకా ఆగి నరికితే ఇంక మిగిలేదేముంది?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త కాపురం వదిలొచ్చినప్పుడు "అంతా బాగుందిగా" అన్నవాళ్ళలో అమ్మ కూడా ఉంది.

కత్తిరించిన కొసల్ని చిన్న రాతిబిళ్ళల మీద జిగురుతో నిలబెట్టింది అత్త. కొన్ని అతుక్కున్న మర్నాడే పోయాయి. వాటిని తీసి పారేస్తూ ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత శుభ్రమైన తిట్లు లేవు. కొన్ని నిలబడ్డాయి.

వాన మొదలయ్యే రోజుల్లో నాన్న కళ్ళజోళ్ళాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన చేతిలో కొలత టేపు. మెడలో గొలుసుకు ఒక కళ్ళజోడు, ముక్కు మీద ఇంకొకటి.

"ఈ గదేనండీ," అన్నాడు నాన్న. "ఆ తొట్టి వట్టిదే. అందులో ఏం లేదు. రేపు తీయించేస్తాను."

అత్త మంచం మీద కూచుని గుడ్డతో భూతద్దం తుడుచుకుంటోంది. లేవలేదు. "మీరే చూడండి అయ్యా, ఏమన్నా ఉందేమో. కళ్ళు మీ వ్యాపారం కదా."

ఆయన మర్యాదకు వంగాడు. ముక్కుమీది అద్దాలు తీసి గొలుసువి పెట్టుకున్నాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"ఉన్నాయండీ," అన్నాడు.

"ఏం ఉన్నాయి?" అన్నాడు నాన్న.

"గోరంత ముక్కలు. వాటి నిండా చిన్నచిన్న నోళ్ళు. తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. ఇదుగో, దీని కొసన వంకాయ రంగు కూడా ఉంది."

నాన్న వంగాడు. ఆయనకు అద్దాల్లేవు. ఏం కనిపించిందో ఆయనకే తెలియాలి. లేచి, "గోరంత ముక్కలకి గదంతా కావాలా?" అన్నాడు.

"ప్రాణం ఉన్నంతకాలం అన్నావు అన్నయ్యా," అంది అత్త. "ఎంత ప్రాణమో అనలేదు. మాట మీద ఉంటావా, లేక నీ మాట కూడా ఎండకి ఆవిరవుతుందా?"

వీధిలోంచి ఎవరో తొంగిచూశారు. కళ్ళజోళ్ళాయన టేపును మళ్ళీ డబ్బీలోకి లాక్కున్నాడు. "బతికున్నదాన్ని కదిలించి నేను దుకాణం పెట్టలేనండీ. ఇంకోచోటు చూసుకుంటా," అని చెప్పులు వేసుకున్నాడు. నాన్న ఆయన వెనకాలే వెళ్ళి, గేటు దాకా ఏదేదో చెప్పి, ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఆ తెల్లటి బొమికనైనా బయట పారెయ్. చూడ్డానికి అసహ్యంగా ఉంది," అన్నాడు.

అత్త ఆ చచ్చిన పగడాన్ని కడిగి తొట్టి నడిమధ్యలో, వీధి కిటికీకి ఎదురుగా నిలబెట్టింది. బతికిన ముక్కల్ని ఒక్కొక్కటిగా దాని మీదే అతికించింది. కొన్ని వారాలకు వాటి అంచులు కిందికి జారి, పాత ఎముక మీద రంగు పాకడం మొదలైంది. తన బొమికల మీదే తను మళ్ళీ ఎక్కుతోంది. చుట్టాలు ఇప్పటికీ "రాళ్ళేగా" అంటారు. "రాళ్ళే," అంటుంది అత్త. పూర్వం ఆ మాటకు ఆవిడ తల వంచుకునేది. ఇప్పుడు అన్నవాళ్ళ పళ్ళు చూస్తుంది. "మీ పైవరసలో మూడోది నేను చేసిందేనండీ. కదులుతోందా?" అని అడుగుతుంది. వాళ్ళు నోరు మూస్తారు.

మొన్న అత్త ల్యాబులో ఉండగా ఉక్కపోతకు తొట్టి నీళ్ళు గీత కిందికి దిగాయి. అమ్మ నీలం క్యాను ఎత్తుకుని వచ్చింది. నాన్న గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఒసేయ్, నా మాట విను. ఒక్క చెంబు డ్రమ్ములోవి కలిపితే..."

అమ్మ వెనక్కి తిరగలేదు. "మీ టీ చల్లారిపోతోంది. వెళ్ళి తాగండి," అంది. క్యాను వంచి, గీత దాకా మంచినీళ్ళు పోసింది.