సుద్దగీత మీద సముద్రం

సముద్రానికి దూరంగా కొండల్లో ఉన్న ఖెనీఫ్రా పట్టణ చరిత్రలో ముఖ్యఘట్టాలన్నీ శుక్రవారం కుస్‌కుస్ తిన్నాకే జరిగాయి. వాటిలో ప్రధానమైనది, దర్జీ యెట్టో అక్కాబావల ఇంట్లో నేల మీద సుద్దతో గీత గీయడం. జెల్లాబా అంగీలు కత్తిరించే ఆ సుద్దతోనే అలల మీద స్వారీ చేసే పలకను ఏడున్నర అడుగుల నిలువునా గీసి, యాభైనాలుగేళ్ల ఆ మనిషి అందులో బోర్లా పడుకుని, రెండు చేతులా గచ్చును ఈది, ఒక్క ఉదుటున లేచి నిలబడేది. చలికాలంలో ఆగాదిర్ తీరానికి వెళ్లి అలలెక్కాలన్నది ఆమె ఆరేళ్ల పథకం. ఏటా దాన్ని చుట్టాలు ఒకే ఒక్క మాటతో ఆపారు: "ఇన్షా అల్లా." దేవుడు తలిస్తే అని దాని అర్థం; ఆ ఇంట్లో మాత్రం అయ్యే పని కాదని అర్థం.

మొన్న శుక్రవారం బావ మొహా టీ గ్లాసుతో గీత పక్కన నిలబడ్డాడు.

"జనవరిలో సముద్రమేమిటి మరదలా? జనం నవ్వరూ?"

"అలలు చలికాలంలోనే లేస్తాయి బావా. జనం ఏడాది పొడుగునా నవ్వుతారు."

"సరే, ఎల్లుండి వెళ్తానంటున్నావుగా, ఇన్షా అల్లా అను."

"స్నానాలగది తలుపు గడియ బాగుచేయిస్తానని నాలుగేళ్ల కింద మీరన్నదీ ఆ మాటే. ఇవాళ్టికీ అక్క గట్టిగా పాడుకుంటూ స్నానం చేస్తోంది. మీ బద్ధకానికి దేవుడి పేరెందుకు? నేననను."

లోపల అక్క కిసుక్కున నవ్వింది. యెట్టో మళ్లీ పడుకుని, మళ్లీ లేచి, సుద్ద దులుపుకుని, తిన్నగా బస్టాండుకు నడిచి టికెట్టు కొంది. ఎల్లుండి పొద్దున ఆరింటికి బస్సు కచ్చితంగా బయల్దేరుతుందా అని అడిగింది.

"ఇన్షా అల్లా," అన్నాడు కిటికీలోని గుమాస్తా.