మామిడోడా, షిఫ్టన్నా?

ఆ వయసులో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఎంత తెగని తగాదా అయినా ఎక్సెల్ షీట్‌లో పెట్టేస్తే తెగిపోతుందని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. క్యాసంబళ్ళి నుంచి రోజూ బస్సులో కేజీఎఫ్ వచ్చి ఒక కంప్యూటర్ సెంటర్‌లో జనాల ఫారాలు నింపే ఉద్యోగం, ఆదివారాలు హాకీ. నేనేదో పెద్ద ఆటగాణ్ణని అనుకునేరు. బంగారు గనులు మూతపడి ఎన్నేళ్లయినా, ఆ గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బ కింద గ్రౌండ్‌లో మా లీగు మాత్రం మూతపడలేదు. ఆ లీగుకు స్కోరు పుస్తకం రాసేది నేను. అన్నిటిలోకీ బలహీనమైన టీముకు రెండో గోల్‌కీపర్ని కూడా నేనే. మొదటివాడికి జ్వరమో, బంధువుల పెళ్లో వస్తే తప్ప నాకు ప్యాడ్లు కట్టేవారు కాదు. గ్రౌండ్‌లో నా పేరు ‘జల్లెడ’. (ఈ సంగతి ఎవరో మా అమ్మ చెవిన వేస్తే, “పెట్టినోళ్ళు తెలివిగల్లోళ్ళే” అంది.)

ఆ ఏడాది ఊరంతా ఒకటే చర్చ: మామిడోడు గొప్పా, షిఫ్టన్న గొప్పా? మామిడోడిది రాయల్పాడు. కేజీఎఫ్‌లో మేనత్త ఇంట్లో ఉండి ఆడేవాడు గానీ, మామిడి కోతలు మొదలయ్యాయంటే స్టిక్కు గోడకు ఆనించి ఊరికి పోవాల్సిందే. ఆ సీజను ఆరు మ్యాచులాడి, పదమూడు గోల్స్ కొట్టి మాయమయ్యాడు. షిఫ్టన్నది తమక అనే ఊళ్ళో ఫ్యాక్టరీ పని. షిఫ్టు మారి ఆదివారం డ్యూటీ తప్పాకగానీ గ్రౌండ్‌కు రాలేకపోయాడు. వాడు వెళ్ళాక ఈయన దిగి, తనూ ఆరు మ్యాచులే ఆడి పదకొండు కొట్టాడు. సగం సీజను ఒకరిది, మిగతా సగం ఇంకొకరిది. ఒకరికొకరు ఎదురుపడింది లేదు. టీ అంగడి ముందు ఒకడు “పదమూడు పెద్దదా, పదకొండు పెద్దదా?” అనేవాడు. ఇంకొకడు “గాలికాలంలో దిబ్బ దుమ్ము కంట్లో పడతా ఉంటే కొట్టిన ఒక్క గోలు రెండిటికి సమానం” అనేవాడు. నేను మాత్రం ఎవరు ఎంతసేపు ఆడారు, గోలు ఏ మూలకు వేశారు, పెనాల్టీ కార్నర్లెన్ని అని రంగురంగుల గడులు చేసుకుని, వాళ్ళ అజ్ఞానానికి జాలిపడుతూ ఉండేవాణ్ణి.

ఇది టీ అంగడి కబురుగానే ఉండిపోయుంటే బాగుండేది. బెంగళూరులో ఒక ఆఫీసువాళ్ళు ఆటగాళ్ళకు ఉద్యోగాలిస్తున్నారని, ట్రయల్స్‌కు మా లీగు నుంచి ఒక్క పేరే పంపాలని, అదీ బుధవారం ఐదింటిలోగా మెయిల్ చేయాలని కబురొచ్చింది. షిఫ్టన్నకు ఆ ఏడాదితో వయసు దాటిపోతుంది. ఇంట్లో భార్య, చిన్నపిల్ల. మామిడోడికి వాళ్ళ నాన్న ఈసారే ఆఖరని చెప్పేశాడు, ఉద్యోగం రాకపోతే ఇక తోటే. నిజం చెప్పేస్తాను. నా మనసు మామిడోడివైపే ఉంది. కేజీఎఫ్‌లో ఉన్నన్నాళ్ళూ రోజూ నా క్యారియర్‌లో సగం తినే స్నేహితుడు వాడు.

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు క్లబ్బు గదిలో నలుగురమే కూర్చున్నాం. కబురంది ఊరి నుంచి వచ్చిన మామిడోడు, షిఫ్టన్న, నేను, విజిల్ తాత. తాత ఒకప్పుడు గనిలోకి దిగినవాడు, ఆ తర్వాత లీగుకు అంపైరు, అప్పటికి పెద్దదిక్కు. నేను గొంతు సవరించుకుని నా షీటు చదివాను. సగటు తీసినా, ఎలా చూసినా మామిడోడే. షిఫ్టన్న తల వంచుకుని స్టిక్కుకున్న టేపు గోకుతున్నాడు. తాత నా షీటును పట్టించుకోలేదు. అసలు స్కోరు పుస్తకం తెరిచి ఒక్కో పేజీ తిప్పుతున్నాడు.

మా లీగులో ప్రతి గోలు పక్కనా దాన్ని వదిలిన కీపరు పేరు రాయాలి. నేను నిలబడ్డ రోజుల్లో మాత్రం ఆ గడి ఖాళీగా వదిలేసేవాణ్ణి. (సిగ్గు. ఇంకేముంటుంది?) తాత వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

“మామిడోడు ఒకే ఆటలో ఐదు కొట్టినాడే, ఈడ కీపరు పేరు లేదేమప్పా? ఎవురు నిలబడింది?”

ఎవరి పేరో ఒకటి చెప్పేస్తే సరిపోయేది. మామిడోడు నావైపే చూస్తున్నాడు.

“నేనే తాతా.”

“షిఫ్టోడు మూడు కొట్టిండే ఆటలోనో?”

“అదీ నేనే.”

తాత కళ్ళద్దాలు తీశాడు. “నీకు కొట్టిన గోలుకు ఉద్యోగమిచ్చేట్టుంటే మా మనమరాలికీ ఇయ్యల్ల గదప్పా! ఇంగ అవన్నీ కొట్టెయ్.”

కొట్టేశాను. పదమూడులో ఐదు పోతే ఎనిమిది. పదకొండులో మూడు పోతే ఎనిమిది. నా రంగుల గడులన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి.

“కాగితాలు ఇంగ సాలు,” అని లేచాడు తాత. “రాండి గ్రౌండుకి. తలా ఐదు పెనాల్టీ స్ట్రోకులు. యావోడు ఎక్కువ కొడితే వాడి పేరే.”

అంతా బాగానే ఉంది, గోల్లో నిలబడేదెవరు? పనిరోజు పగలు కేజీఎఫ్‌లో వయసులో ఉన్న మగవాళ్ళు కనబడాలంటే, పనికెళ్ళినవాళ్ళతో బెంగళూరు రైలు తిరిగి రావాలి. ముగ్గురూ నావైపు చూశారు. ప్యాడ్లు కట్టుకున్నాను. నాలుగు దాటి పది నిమిషాలైంది.

షిఫ్టన్న ముందు కొట్టాడు. ఐదుకు ఐదూ లోపలికే. నేను నా పేరు నిలబెట్టుకున్నాను. మామిడోడివి ఒకటి, రెండు, మూడు, నాలుగు, అన్నీ లోపలే. నాకు ధైర్యమొచ్చింది. ఇదీ లోపలికి పోతే మళ్ళీ సమానం, పాపం నా మెడకు చుట్టుకోదు. ఐదోదానికి వాడు బంతి దగ్గర నిలబడి పెదవి తడుపుకున్నాడు. కంగారుపడితే వీడు నా కుడికాలి మూలకే వేస్తాడు. ఆ సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసు, నా షీటులో పసుపు రంగు వేసుకున్నాను. తెలిస్తే తెలిసింది, కదలకూడదు అనుకున్నాను. విజిల్ మోగింది. నా కాలు నన్నడగకుండానే పోయింది. బంతి ప్యాడుకు ఠప్పున తగిలి బయటికి దొర్లిపోయింది.

ఇక్కడే నేను సిగ్గుపడాలి. నాకు మొదట కలిగింది బాధ కాదు. “ఆపినా! తాతా, ఆపినా!” అని రెండు చేతులూ ఎత్తి గంతేశాను. రెండో గంతుకు మామిడోడి మొహం కనబడింది.

వాడు స్టిక్కు మీద వాలి నన్నే చూస్తున్నాడు. “ఇన్నేండ్లకి ఒక బాలు ఆపినావు. అది ఈ పొద్దే ఆపల్లా అప్పా?” అన్నాడు.

షిఫ్టన్న వచ్చి వాడి భుజం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తాత మాత్రం అటు తిరిగి, “కంట్లో దుమ్ము పడె. సీక్రం పోయి టైపు చెయ్ పో,” అని నన్ను తరిమాడు. సెంటర్‌కు పరిగెత్తి షిఫ్టన్న పేరు టైపు చేస్తుంటే ఏడుపొచ్చింది. మామిడోడు నా వెనకే వచ్చి నిలబడి, “ఫోటో పెట్టినావా? మరిచిపోతావు నువ్వు,” అన్నాడు. ఐదుకు రెండు నిమిషాలుండగా మెయిల్ వెళ్ళింది.

షిఫ్టన్న ట్రయల్స్‌లో గెలిచి ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆనాటి ఆయన చిన్నపిల్ల ఇప్పుడు బెంగళూరులో కాలేజీకి పోతోంది. మామిడోడు రాయల్పాడులో తోట చూసుకుంటున్నాడు. స్టిక్కు మళ్ళీ పట్టలేదు. మొన్న వెళ్ళినప్పుడు నన్ను గడపలోనే ఆపి, కొడుకుని కేకేసి పిలిచాడు. “రేయ్, చూసుకో. మీ నాయన కొట్టిన బాలును ఆపిన మొగోడు ఈయప్పే.” పిల్లవాడు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు, నమ్మలేదు. నేను తల దించుకోవాలి. దించుకుందామనే అనుకున్నాను కూడా. కానీ ఏం చెప్పను, ఛాతీ దానంతటదే ఓ అంగుళం ముందుకొచ్చింది.