కాల్చని కప్పులు

2010 ఎండాకాలంలో మేం ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. మా ఆయన ఉద్యోగం వల్ల హెచ్-ఫోర్ వీసా మీద వచ్చినదాన్ని, నేను ఉద్యోగం చేయకూడదు. పొద్దస్తమానం గోడలతో పోట్లాడుతూ కూర్చునేదాన్ని. మా కింది అపార్ట్‌మెంట్‌లో జపాన్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ముసలి దంపతులు ఉండేవాళ్ళు. ఆయన కుమ్మరి. ఊరి బయట ఒక షెడ్డులో సొంతంగా ఆవం కట్టుకుని, జీవితమంతా గిన్నెలూ కప్పులూ చేసి కాల్చి అమ్మినవాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి సగం పడిపోయాక కొడుకు ఆ షెడ్డు అమ్మేశాడు. అయినా ముసలాయన ఊరుకోలేదు. పేషియోలో చిన్న కుమ్మరి సారె పెట్టుకుని, ఆ ఒకటిన్నర చేత్తోనే కప్పులు చేసేవాడు. కాల్చడానికి ఆవం లేదు కదా, అలాగే ఆరబెట్టి అలమారలో సర్దేవాడు.

ఆ వసంతంలో పోయాడు.

ఆవిడ రోజూ ఆయన ఫొటో ముందు టీ పెట్టేది. పెట్టేది దేంట్లో? కిరాణా కొట్టులో కొన్న, ఎవరో చేసిన మగ్గులో! కుమ్మరి పెళ్ళానికి ఆ ఖర్మేమిటని నా నోరు ఊరుకోక అడిగేశాను. ఆవిడకి కోపం రాలేదు. "తను ఏది చేసినా చూసి 'ఇది కాదు' అనేవాడు. అన్నీ అమ్మేశాడు, ఒక్కటి కూడా నన్ను ఉంచుకోనివ్వలేదు. చెయ్యి పడిపోయాక చేసిన వీటిని చూసి మాత్రం 'ఇప్పుడు కుదిరింది' అన్నాడు" అంది. నెలాఖరుకి కొడుకు ఆవిడని శాంటా క్లారా తీసుకుపోతున్నాడు. ఈలోగా వాటిలో ఒక్క కప్పయినా కాల్పించుకోవాలి, ఆయన టీ అందులో పోయాలి. ఆవిడ అడిగింది అంతే.

నేను కాళ్ళకి చక్రాలు కట్టుకుని తిరిగాను. ఏ పాటరీ స్టూడియోకి వెళ్ళినా ఒకటే ప్రశ్న, ఇది ఏ మట్టి, ఎంత వేడి తట్టుకుంటుంది? తెలియని మట్టి కరిగి కారితే మా బట్టీ పాడవుతుంది, సారీ. ముసలాయన మట్టి తనే కలుపుకునేవాడు. పాళ్ళు ఎవరికి చెప్పాడు గనక! ఆ మట్టి పిసికిన పెళ్ళానికే చెప్పలేదు. "ఏం మనిషండీ, పోతూ పోతూ ఆ ముక్క చెప్పి పోకూడదా" అని కార్‌లో ఒక్కదాన్నే అరిచాను కూడా. చివరికి ఎడిసన్ దగ్గర, ఇంటి గరాజ్‌లో చిన్న కరెంటు బట్టీ పెట్టుకున్న ఒకావిడ దయతలిచింది. శనివారం తెమ్మంది. "లోపల చెమ్మ ఉంటే పేలిపోతాయి, అప్పటిదాకా మూత లేకుండా గాలికి పెట్టండి" అంది.

కిందింటావిడ ఉన్నవన్నీ తీసి నా చేతుల్లో పెట్టింది. ఒకటి పగిలినా ఇంకొకటి మిగులుతుందని. ఒక్కో కప్పు లోపలా ఆయన వేళ్ళ చారలు చుట్టుకుంటూ పైకి వచ్చి ఉన్నాయి. ప్లాస్టిక్ టబ్‌లో సర్ది తెచ్చి మా బాల్కనీలో పెట్టాను.

అప్పుడు మా అత్తయ్య మా దగ్గరే ఉన్నారు, విజిటర్ వీసా మీద. మడీ తడీ బాగా ఉన్న మనిషి. "అత్తయ్యా, ఆ టబ్‌లోవి ముట్టుకోకండి, చాలా నాజూకు. కిందింటి తాతగారు చేసినవి, ఆయన పోయాక ఇవే మిగిలాయి" అని మరీ మరీ చెప్పి కూరలకి వెళ్ళాను.

వచ్చేసరికి బాల్కనీలో టబ్ నిండా నీళ్ళు.

"నువ్వు చెప్పినట్టే ముట్టుకోలేదమ్మాయ్" అన్నారు అత్తయ్య. "చావు జరిగిన ఇంట్లోంచి తెచ్చి అలాగే పెట్టేస్తే ఎలా, మైల కాదూ? పైనుంచి బకెట్ నీళ్ళు పోశానంతే. ఇదేమిటే, ఇలా అయిపోతున్నాయి!"

కాలని మట్టి. అంచులు జారిపోయాయి, గోడలు కూలాయి. నేను చెయ్యి పెట్టి ఒకదాన్ని ఎత్తబోతే బురద వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. కొంప మునిగింది దేవుడా అని అక్కడే కూలబడ్డాను. అత్తయ్య బిక్కచచ్చిపోయారు. "మట్టే కదే, మళ్ళీ చేయించుకోమను" అన్నారు మెల్లగా.

"ఎవరిచేత చేయించుకోమంటారు అత్తయ్యా?"



దాచి లాభం లేదు. కిందికి వెళ్ళి ఆవిడని పైకి పిలుచుకొచ్చాను. టబ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ బురదలో పెట్టి అడుగంతా తడిమింది. ఏమీ దొరకలేదు. నేను ఏడుస్తూ చెప్పుకొచ్చాను, చావు జరిగిన ఇంటి వస్తువుల్ని మావాళ్ళు నీళ్ళతో శుద్ధి చేస్తారని, పెద్దావిడ కావాలని చేయలేదని. ఆ మాటలు నా నోటితో ఆవిడ ముందు అనాల్సి రావడం కన్నా నరకం ఇంకొకటి లేదు.

ఆవిడ అత్తయ్య వైపు తిరిగి తల వంచింది. తర్వాత తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో నాతో అంది. "మాకూ ఉంది. మేం ఉప్పు చల్లుకుంటాం. ఆయన్ని దహనం చేసి వచ్చిన రోజు, గుమ్మంలో ఉప్పు చల్లుకునే లోపలికి వెళ్ళాను. పోయినవాళ్ళు వెంట రాకూడదని."

చేతుల మీది మట్టిని తుడుచుకోలేదు.

"జీవితంలో ఎప్పుడూ నా మాట వినలేదు. వెంట రావద్దన్న ఆ ఒక్కటీ విన్నాడు."