యోహాను మేస్త్రి వెతికిన నూనె

మొన్న నా షెడ్డుకు ఒక ఆటోమేటిక్ కారు వచ్చింది. నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ లాగి తెల్లగుడ్డ మీద తుడిస్తే గేర్‌బాక్స్ నూనె ఎర్రగా, వేడిగా గుడ్డలోకి ఇంకింది. ఈ పనిలో ఇన్నేళ్లు గడిచినా ఆ ఎర్ర మరక చూడగానే నా గుండె ఝల్లుమంటుంది. నా ముఖం చూసి బండి యజమాని "ఏమన్నా, పోయిందా?" అని హడలిపోయాడు. "నీ బండికేం కాలేదులేప్పా" అన్నాను. ఆ భయం అతని బండిది కాదు, నాది. పాతికేళ్లుగా నన్ను పట్టుకుని ఉంది.

యోహాను మేస్త్రి షెడ్డు నంద్యాలలో, ఆళ్లగడ్డకు పోయే రోడ్డు మీద ఉండేది. నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. శ్రీశైలం డ్యాం కట్టే రోజుల్లో ఆయన అక్కడ మట్టి, రాళ్లు మోసే పెద్ద పెద్ద డంపర్లు బాగుచేశాడు. వాటిలో నూనె ఒత్తిడితోనే గేర్లు పడేవట. అందుకే మా వైపు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే. మేమంతా జీపులు, లారీలు, ట్రాక్టర్లు ఎరిగినవాళ్లం. బండి వస్తే మేస్త్రి వెంటనే స్పానర్ పట్టేవాడు కాదు. ముందు డ్రైవరును కూర్చోబెట్టి పోలీసులా ఆరా తీసేవాడు. "గేరు ఎప్పుడు జారింది? చల్లగున్నప్పుడా, కాగినంకనా? ఎత్తు ఎక్కేటప్పుడా?" నాకు మహా విసుగ్గా ఉండేది. నేనప్పటికే ముప్పై దాటినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, పని వచ్చునన్న పొగరు తలకెక్కినవాణ్ణి. ఈ ముసలాయన చాదస్తం ఏమిట్రా దేవుడా అనుకునేవాణ్ణి.

ఆళ్లగడ్డలో ఒక డాక్టరు గారికి వాళ్ల నాయన కొన్న పాత అమెరికా ఆటోమేటిక్ కారు ఉండేది. తొంభైల చివర్లో ఒక ఆదివారం పొద్దున దాన్ని మామూలు సర్వీసుకు పంపారు. మేస్త్రి చర్చికి పోయాడు. నేనే ఇంజన్ ఆయిల్ మార్చి, చేతులు ఊరుకోక గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ కూడా లాగి చూశాను. జీపుకు చూసే అలవాటు కొద్దీ ఇంజన్ ఆపి, చల్లారాక చూశాను. నూనె గీత దాటి చాలా పైకి ఉంది. ఎవడో తెలివితక్కువవాడు ఎక్కువ పోశాడనుకుని, కింద బోల్టు వదులు చేసి లీటరున్నర తీసేశాను. ఎద్దులబండి ఇరుసుకు పాత నూనె అడగడానికి వచ్చిన రైతు డబ్బాలో దాన్ని పోసి పంపాను. మేస్త్రికి చెప్పాలని కూడా తోచలేదు.

గురువారం ఆ బండి తిరిగి వచ్చింది. ఇంజన్ గావుకేకలు పెడుతోంది, బండి మాత్రం పాకుతోంది. మేస్త్రి ఇంజన్‌ను బాగా కాగనిచ్చి, అది నడుస్తుండగానే డిప్‌స్టిక్ లాగాడు. కొసకు మాత్రమే నూనె అంటింది.

"ఇంజన్ ఆపకుండా సూస్తే ఎట్లా మేస్త్రీ?" అన్నాను.

"దీన్ని ఇట్లనే సూడాల. ఆపితే పైనున్న నూనంతా కిందికి దిగి ఎక్కువుండాదని సూపిస్తాది."

అంటే ఆదివారం నేను ఎక్కువనుకుని తీసింది బండికి కావలసిన నూనేనన్నమాట. అంతలో ఆయనే అడిగాడు. "సుబ్బయ్యా, నువ్వేమన్నా దీని నూనె ముట్టినావా?"

"లేదు మేస్త్రీ."

ఎందుకన్నానో నాకే తెలియదు. నోటికి వచ్చేసింది. ఆయన నూనె వాసన చూశాడు. మాడలేదు, అంటే లోపలి క్లచ్ ప్లేట్లు క్షేమం. కొత్త నూనె లీటరున్నర పోసేసరికి బండి చక్కగా కదిలింది. హమ్మయ్య, బతికిపోయాను అనుకున్నాను.

"పోయిన నూనె యాడికి పోయిందో తెలీకుండా బండి ఎట్లిచ్చేది?" అన్నాడాయన. "దారిలో మళ్లా పోతే గేర్‌బాక్సే మాడిపోతాది."

ఇక వెతుకులాట మొదలైంది. బండి కింద కిరసనాయిలుతో కడిగి, ముగ్గుపిండి చల్లి, నేల మీద పాత పేపర్లు పరిచాడు. ఒక్క చుక్క పడలేదు. రేడియేటర్ నీళ్లలో నూనె తెట్టె కోసం చూశాడు. నూనె ఇంజన్‌లోకి చేరి కాలుతోందేమోనని సైలెన్సరుకు గుడ్డ అడ్డం పెట్టి పొగ వాసన చూశాడు. ఆ ఆదివారం ఆయన చర్చికి కూడా పోలేదు, బండి కిందే పడుకున్నాడు. నేను టార్చి పట్టుకుని, "ఆడేమన్నా తడిగా ఉండాదేమో సూడు మేస్త్రీ" అంటూ సలహాలు కూడా ఇచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. చెబుదామని రోజూ ఇంటి నుంచి అనుకుంటూ వచ్చేవాణ్ణి, ఆయన ముఖం చూడగానే టార్చి అందుకునేవాణ్ణి.

సోమవారం డాక్టరు గారే వచ్చారు. "బయట కారడంలే సార్. ఇంక లోపలే ఉండాల. గేర్‌బాక్స్ దించి విప్పాల" అన్నాడు మేస్త్రి.

"విప్పితే మళ్లీ బాగయితాదా?"

"చెప్పలేను సార్. లోపలి రబ్బరు రింగులు ఎప్పటివో. తెగితే యాడా దొరకవు."

డాక్టరు గారు కారు పైకప్పును ఒకసారి చేత్తో నిమిరారు. "సరే యోహానూ, నీ ఇష్టం" అని వెళ్లిపోయారు.

మేస్త్రి కిందికి దూరి మొదటి బోల్టుకు స్పానర్ వేశాడు. తుప్పు పట్టిన బోల్టు, కదల్లేదు. బలం కొద్దీ లాగితే స్పానర్ జారి ఆయన వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. గుడ్డ చుడదామని చెయ్యి పట్టుకున్నాను. రక్తం నా చేతికి అంటింది.

"మేస్త్రీ, నూనె నేనే తీసినా."

ఆయన పడుకున్న చోటి నుంచే నన్ను చూశాడు. "ఎంత?"

"లీటరున్నర."

మెల్లగా బయటికి వచ్చి కూర్చున్నాడు. అరిచి ఉంటే బాగుండేది. "నూనె తీసినందుక్కాదప్పా" అన్నాడు చివరికి. "నాలుగు దినాలు టార్చి పట్టుకోని నాతో పాటు ఎతికినావు సూడు."

మర్నాడు నా చేతనే బండి నడిపించి ఆళ్లగడ్డకు తీసుకుపోయాడు. డాక్టరు గారి ముందు "నువ్వే చెప్పు" అన్నాడు. నూనె నేనే తీశానని చెప్పాను. డాక్టరు గారు మండిపడ్డారు. "వీణ్ణింకా పెట్టుకుంటాండావా?" అన్నారు. "దీని నూనె ఎట్లా సూడాల్నో నేను వీడికి నేర్పలేదు సార్. సగం తప్పు నాది" అన్నాడు మేస్త్రి. నా అబద్ధం సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ నాలుగు రోజుల గురించి తాను చనిపోయేదాకా ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఆయన పోయాక ఆ షెడ్డు నేనే నడుపుతున్నాను. నాకు గేర్‌బాక్స్ నేర్పింది ఆయనే, నిజం చెప్పడం నేర్పింది కూడా ఆయనేనని అందరితో అంటుంటాను. అక్కడితో మాట ఆపేస్తాను. నేను నిజం చెప్పింది ఆయన రక్తం చూశాక. ఆ బోల్టు మొదటి పట్టుకే వదులై ఉంటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణనే అనుకోవాలని ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గట్టిగా అనుకోలేకపోయాను.