కండెకో వాక్యం

యుద్ధం రోజులు. కబ్బన్‌పేటలో మాది మగ్గాల ఇల్లు. మిడిల్ స్కూలు పరీక్ష నేను మొదటిసారే గట్టెక్కాను. అయినా ఆడపిల్లకు పై చదువెందుకని, నాన్న నన్ను మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాడు. నాకంటే ఏడాది చిన్నవాడైన తమ్ముడు అదే పరీక్షలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పాడు. నేను ఏడ్చి, అన్నం మానేసి సాధిస్తే చివరికి నాన్న దిగొచ్చాడు. వాడికి ఇంగ్లీషు చెప్పి పాసు చేయిస్తే నన్నూ హైస్కూలుకు పంపుతానన్నాడు.

వాడి ప్రాణం తీసింది ‘గెట్’ అనే ఒక్క క్రియ. నిద్ర లేవడానికీ అదే, బండి దిగడానికీ అదే. జబ్బు నయమైనా, కోపం వచ్చినా, ఉత్తరం అందినా అదే. బడిలో అర్థాల పట్టిక రాయించి, అప్పజెప్పకపోతే బెత్తంతో కొట్టేవారు. ఆ పట్టిక వాడి తలకెక్కలేదు. నేను రాట్నం ముందు కూర్చుని, ఒక్కో కండె నిండేలోపు ‘గెట్’తో ఒక వాక్యం చెప్పాలన్నాను. చెప్తే కొత్త కండె ఎక్కించేదాన్ని, లేకుంటే రాట్నం ఆపేసేదాన్ని. మగ్గానికి కండెలు అందించే పని వాడిది. అవి ఆగితే మగ్గం ఆగుతుంది, నాన్న వాడి వీపు చిట్లగొడతాడు. ఆ భయానికి మా మొద్దబ్బాయి నోరు తెరిచాడు. అమ్మ వంటింట్లోంచి రోజూ వింటూనే ఉండేది.

పాసయ్యాడు. నాన్న వీధంతా బెల్లం పంచాడు. ఆ సాయంత్రం నేను మాట గుర్తు చేస్తే, నిజంగా అక్కే చెప్పిందా అని వాణ్ని అడిగాడు. పక్కన వాడి స్నేహితులిద్దరు ఉన్నారు. అక్క దగ్గర నేర్చుకున్నానంటే నవ్వుతారని కాబోలు, వాడు నేల చూపులు చూశాడు.

“నేనే చదువుకుంటినప్పా. అక్క ఊరికే కండెలు చుడతా ఉండె.”

అమ్మ వైపు చూశాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. ఇంకేముంది, ఇంట్లో ఒకడికి ఇంగ్లీషు వచ్చింది చాలన్నాడు నాన్న. తోడబుట్టినవాడే నా గొంతు కోశాడు.

బడులు తెరిచారు. వారం తిరక్కుండానే, సిగ్గూ ఎగ్గూ లేకుండా, వాడు హైస్కూలు ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఇది శానా కష్టంగా ఉండాదక్కా. చెప్పియ్యి.”

మొహాన విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. అందుకుని మొదటి పేజీ తెరిచాను. ఆ పుస్తకం చదవడానికి నాకు వేరే దారి లేదు.