నాలుగు గిద్దలు, పైన కొసరు

మా వంటింటి గోడకు ఒక పలక వేలాడుతుంది. మార్కాపురంలో పలక లేని ఇల్లు ఉండదు. మా బావ, అంటే నా భర్త, పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు కాబట్టి అంచు విరిగినవి, గీత పడినవి మా ఇంటికే చేరుతుంటాయి. గ్యాస్ బుక్ చేసిన రోజు, నీళ్ల ట్యాంకర్ వచ్చే రోజు దాని మీదే రాసుకుంటాం. కొన్నాళ్లపాటు వీటన్నిటికీ పైన, సుద్దముక్కతో పెద్ద అంకెల్లో 200 అని రాసి ఉండేది. ఇంటికొచ్చిన వాళ్లంతా అదేమిటని అడిగేవారు. బావ కరెంటు బిల్లని చెప్పేవాడు. అంత తక్కువ బిల్లు ఎలా వస్తోందో తెలుసుకుందామని ఎదురింటాయన ఒకరోజు టార్చిలైటు పట్టుకుని మా మీటరు చూడ్డానికి వచ్చాడు.

అది కరెంటు బిల్లు కాదు. నా ఎడమ రొమ్ములో పోయాల్సిన నీళ్ల కొలత, మిల్లీలీటర్లలో.

పాప పుట్టిన కొత్తలో ఆ వైపు పాలు గడ్డకట్టి చీము పట్టింది. తలా ఒక వైద్యం చెప్పారు, అన్నీ చేశాం, ఆలస్యమైంది. చివరికి కోసి తీశారు. గడ్డతోపాటు రొమ్ములో సగం పోయింది. జ్వరం తగ్గింది, పాప డబ్బాపాలకు అలవాటు పడింది, అందరూ నిశ్చింతగా ఉన్నారు. నా ఎడమచెయ్యి మాత్రం అప్పటినుంచి పైట పట్టుకునే ఉద్యోగంలో చేరిపోయింది. కూర తరిగేటప్పుడు తప్ప దానికి సెలవు లేదు.

నేను బి.ఎడ్. చదివాను. పాపకు మూడేళ్లు నిండాక ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో డెమో క్లాసు చెప్పడానికి వెళ్లాను. టీచరు కుడిచేత్తో సుద్దముక్క, ఎడమచేత్తో పుస్తకం పట్టుకోవాలి. నా ఎడమచెయ్యి ఖాళీగా లేదు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ప్రతి వాక్యానికీ వంగి చూసి, లేచి చెప్పాను. పాఠం అయ్యాక హెడ్మాస్టరు ఎంతో మర్యాదగా, "నడుము నొప్పి ఎన్నాళ్లనుంచమ్మా?" అని అడిగారు. ఉద్యోగం రాలేదు. ఇంటికొచ్చి బావతో, నా చెయ్యి నాకు కావాలి అన్నాను. అతనికి సగమే అర్థమైంది. అయినా ఒంగోలు తీసుకెళ్లాడు.

ఒంగోలు డాక్టరమ్మ కొలతలు తీసుకుని, విషయం విడమరచి చెప్పింది. లోపల పెట్టేది ఖాళీ సంచి. పెట్టిన తర్వాత సన్నటి గొట్టంతో అందులోకి సెలైన్ నీళ్లు ఎక్కిస్తారు. నా ఛాతీ వెడల్పుకు రెండు సంచులు సరిపోతాయి. చిన్నదానిలో రెండు వందల మిల్లీలీటర్లు పడతాయి, పెద్దదానిలో రెండు వందల యాభై, అరవై.

"చిన్నదాంట్లో ఎక్కువ పోస్తే బంతిలా గట్టిపడుతుందమ్మా. పెద్దదాంట్లో తక్కువ పోస్తే ముడతలు పడుతుంది, నీళ్లు కదులుతాయి."

"కదిలితే చప్పుడొస్తుందా మేడం?"

"కొందరికి వినిపిస్తుందంటారు."

ఆమె ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఉదయం ప్రార్థనలో బడంతా నిశ్శబ్దంగా నిలబడి ఉండగా, సగం తాగిన నీళ్ల సీసాలా నేను గుడగుడమంటున్నట్టు ఆ వారమంతా కలలొచ్చాయి.

"ఇంటికెళ్లి చిన్న గుడ్డసంచిలో బియ్యం పోసి ఆ వైపు పెట్టుకుని చూడండి. రెండో వైపుతో సమానమనిపించాక ఎన్ని మిల్లీలీటర్లో ఫోన్ చేసి చెప్పండి. పదో పరకో తేడా ఉంటే ఆపరేషన్ బల్ల మీద నేను సర్దుతాను. సంచి మాత్రం ముందే తెప్పించాలి. మళ్లీ మళ్లీ కోసే పని పెట్టుకోవద్దు మనం."

మా అత్త అంటే మా నాయన చెల్లెలే. పుట్టినప్పటినుంచి ఎరిగిన మనిషి కాబట్టి ఏదీ దాచడానికి వీలుకాదు. సెలైన్ అనగానే ఆమె ముఖం వికసించింది. మా ఊళ్లో నీరసమన్న ప్రతివాళ్లకూ సెలైన్ ఎక్కిస్తారు, అది మంచిదని ఆమె గట్టి నమ్మకం. అంతలోనే అనుమానమొచ్చింది.

"అమ్మాయ్, అది మన బోరు నీళ్లతో చేసిందైతే కాదు గదా? ఆ నీళ్లు తాగే మీ మామ పళ్లు గారబట్టినాయి. లోపల పెట్టుకుంటే ఏమైతాదో!"

"కాదత్తా. శుద్ధి చేసిందే."

"మరి బాటిల్ ఎక్కిస్తే ఒంట్లో కలిసిపోతాది గదా. ఇది గూడా కలిసిపోతే? డబ్బులిచ్చి నీళ్లు తాగినట్టే గదా!"

కారితే కలిసిపోతుందనీ, ప్రమాదమేమీ ఉండదనీ, కారకపోతే అక్కడే ఉంటుందనీ చెప్పాను. ఆమె తృప్తిపడి బియ్యం డబ్బా ముందు పీట వేసుకుంది.

సంచిగా పాప మేజోడు తీసుకున్నాం. బాతు బొమ్మ ఉన్నది. మెత్తగా ఉంది, సాగుతుంది. కొలతకు మా అమ్మమ్మ నాటి ఇత్తడి గిద్ద. అరచేతిలో ఇమిడిపోయే బుల్లి గిన్నె అది. ఇంట్లో ఇప్పటికీ మందులకూ పసిపిల్లల ఉగ్గుకూ దానితోనే కొలుస్తారు. నేను తలుపు వేసుకుని గదిలో ఉన్నాను. మేజోడు తలుపు సందులోంచి లోపలికీ బయటికీ తిరిగింది. అత్త ఒకటి అనదు, కొలిచేటప్పుడు మొదటిదాన్ని లాభం అనే అంటుంది.

"లాభం. రెండు. చూసుకోమ్మా."

"చాల్లేదత్తా."

"మూడు. ఇప్పుడు?"

"ఇంకా కొంచెం."

అప్పటికి మా వీధిలో జాకెట్లు కుట్టే ఆపా కూడా వచ్చి కూర్చుంది. మూడేళ్లుగా నా జాకెట్ల ఎడమ వైపు స్పాంజి పెట్టి కుడుతున్నది ఆమే. అంటే ఈ విషయంలో ఆమెకూ ఒక మాట ఉంది.

"బేటీ, నా స్పాంజి ఎంతుందో అంతే పెట్టించుకో. ఎక్కువైతే నీ జాకెట్లన్నీ విప్పాలి నేను. రంజాన్ ముందర నాకు ఊపిరాడదు, తెలుసు గదా!"

"నీ స్పాంజి ఉతికి ఉతికి పల్చనైపోయింది లేమ్మా," అంది అత్త.

"నీ కోడలు బండకేసి బాదితే పల్చన కాదా? నా స్పాంజికేం తక్కువ?"

"నాలుగు," అంది అత్త. మేజోడు లోపలికి వచ్చింది. పెట్టుకుని అద్దంలో చూశాను. పక్కకు తిరిగి చూశాను. చెయ్యి పైకెత్తి, వంగి, లేచి చూశాను. రెండూ ఒకటే. అద్దం ముందునుంచి కదలబుద్ధి కాక అలాగే నిలబడ్డాను. బయట ఇద్దరూ గాబరాపడి తలుపు తట్టారు.

ఇక గిద్దను మిల్లీలీటర్లలోకి మార్చే బాధ్యత బావ తీసుకున్నాడు. పాప పాలసీసాకు గీతలుంటాయి కదా. అందులో నీళ్లు తీసుకుని గిద్ద నిండేదాకా పోశాడు. సరిగ్గా యాభై పట్టింది. నాలుగు యాభైలు రెండు వందలు. ఇద్దరం డిగ్రీ చదివినవాళ్లం, ఇద్దరం రెండుసార్లు లెక్క చూశాం. అతను పలక మీద 200 రాశాడు. నేను డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాను. చిన్న సంచి తెప్పిస్తానంది.

అలవాటుగా ఉంటుందని ఆపరేషన్ దాకా మేజోడు పెట్టుకునే తిరిగాను. దానివల్ల ఇంట్లో వచ్చిన చిక్కు ఒక్కటే, అది పాప మేజోడు. తన బాతు ఎక్కడికి పోయిందో తెలిశాక అది ఊరుకోలేదు. బడి వ్యాను డ్రైవరుకు, కూరగాయలామెకు, ట్యాంకర్ దగ్గర లైన్లో ఉన్న అందరికీ చెప్పింది. "మా అమ్మ జాకెట్లో బియ్యం ఉండాయి. నా బాతు గూడా ఉండాది." మూడేళ్ల పిల్ల మాట ఎవరూ పట్టించుకోరని బావ అన్నాడు. కూరగాయలామె మాత్రం ఆ తర్వాత నన్ను కొంచెం జాలిగా చూసి, రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసేది.

ఆ రోజుల్లోనే గిద్దలూరులో పెళ్లి పడింది. బస్సు కిక్కిరిసి ఉంది, సీటు దొరకలేదు. కంభం దాటాక ఒక మలుపులో తూలి, పడకుండా పైకమ్మి పట్టుకున్నాను. కాసేపటికి చూసుకుంటే పట్టుకున్నది ఎడమచేత్తో. మూడేళ్ల తర్వాత ఆ చెయ్యి నా తలకంటే పైకి లేచింది. దిగేదాకా దించలేదు. పక్కనావిడ, "సీటు ఖాళీ అయింది, కూర్చోమ్మా," అన్నా కూర్చోలేదు.

బహుశా అప్పుడే మేజోడు కుట్టు ఊడి ఉంటుంది. పెళ్లి పందిట్లో కూర్చున్నాక నా ఒళ్లో బియ్యపు గింజలు కనిపించాయి. దులిపాను. మళ్లీ వచ్చాయి. జాకెట్ కింద అంచునుంచి ఒక్కొక్కటే జారుతున్నాయి. కొంగు ఒళ్లో పరిచి వాటిని అందులో పట్టుకున్నాను. పక్కన పెద్దామె ఒకావిడ నా కొంగులో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకుంది.

"ఏందమ్మా, ఈ అక్షింతలకు పసుపు కలపలేదే?"

"తెలీదు పెద్దమ్మా."

"గిద్దలూరోళ్లు ఇంతే," అని ఆమె వాటినే వధూవరుల మీద వేసింది. వాళ్లిద్దరూ నిండు నూరేళ్లు బాగుండాలని నేను అందరికంటే గట్టిగా కోరుకున్నాను.

ఇంటికొచ్చాక భయం పట్టుకుంది. గింజలు పోయాయి కదా, నాలుగు గిద్దలకు తగ్గినవి మళ్లీ పోసుకోవాలి. ఎంత తగ్గిందో చూద్దామని మేజోడు విప్పి, గిద్దతో నేనే కొలిచాను. నిండాక పైన చేత్తో చదును చేసి పక్కన పోశాను. నాలుగయ్యాయి. ఐదోది సగం నిండింది. ఇంకా అడుగున మిగిలాయి. పెళ్లి పందిట్లో అన్ని గింజలు రాలిన తర్వాత కూడా బియ్యం పెరిగాయి.

అత్తను పిలిచి, ఆ రోజు ఎలా కొలిచిందో అలాగే మళ్లీ కొలవమన్నాను. ఆమె గిద్దను బియ్యంలో ముంచి, పైన గుట్టగా, ఇక ఒక్క గింజ పెట్టినా జారిపోయేంత ఎత్తున తీసింది. "లాభం" అంది. అలా నాలుగు పోశాక, ఏమీ లెక్కపెట్టకుండా గుప్పెడు పైన వేసింది.

"అదేందత్తా?"

"కొసరు."

"కొసరెందుకు వేసినావు?"

"కొసరు లేకుండా ఎట్ల కొలుస్తారే? ఇంటి ఆడబిడ్డకు గీసి కొలిచి పోస్తారా ఎవరన్నా? నువ్వేమన్నా అంగడికొచ్చినావా?"

బావ పాలసీసాతో నీళ్లు తెచ్చి గిద్దలో మళ్లీ పోశాడు. నిండాక ఇంకా పోశాడు. అంచుమీదినుంచి కారిపోయాయి. తుడిచి మళ్లీ పోశాడు. మళ్లీ కారాయి. అతను ఏం ప్రయత్నిస్తున్నాడో అర్థమై, "బావా, నీళ్లు గుట్టగా నిలవవు," అన్నాను.

"అదేలే," అన్నాడు. "నేనూ అదే చూస్తున్నా."

మేజోట్లో మిగిలిన బియ్యానికి, రాలినవాటికి బదులు గుప్పెడు కలిపి, నేరుగా పాలసీసాలో పోశాం. రెండు వందల యాభై గీత దాటి, అరవైకి కాస్త కింద ఆగాయి. నాకు సరిపోయింది అదన్నమాట. నేను తెప్పించమన్నది రెండు వందల సంచి. అందులో అన్ని నీళ్లు పోస్తే బంతి, రెండు వందలే పోస్తే మళ్లీ పైట. ఆపరేషన్ ఆ శుక్రవారమే.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. గిద్ద గురించి, గుట్ట గురించి, కొసరు గురించి చెప్పాను.

"గుట్టగా కొలిచారా?" అంది. "మా అమ్మా అలాగే కొలిచేది. అడగాల్సింది నేను. సరే, పెద్ద సంచి తెప్పిస్తాను. వచ్చే వారం రండి."

పక్కనుంచి అత్త నా చెయ్యి లాగింది. "కొసరు సంగతి మళ్లా చెప్పు ఆమెకు. మర్చిపోతాదేమో!"

వచ్చే వారం వెళ్లాం. మత్తు దిగాక నేను అడిగిన మొదటి మాట, ఎంత పోశారు మేడం అని. "రెండు వందల యాభై. కూర్చోబెట్టి చూస్తే ఒక వెంట్రుకవాసి తక్కువనిపించింది, ఇంకో ఐదు పోశాను," అంది.

"చూసినావా!" అని అత్త బావ వీపు మీద చరిచింది. "కొసరేసింది. మంచి డాక్టరమ్మ!"

నొప్పులు, కట్లు, బోర్లా పడుకోకూడదన్న నియమాలు అన్నీ అయ్యాయి. ఆపా గొణుక్కుంటూనే జాకెట్లన్నీ విప్పి కుట్టింది, తీసిన స్పాంజి ముక్కలతో సూదులు గుచ్చుకునే దిండు చేసుకుంది. పలక మీద 200 చెరిపేశాం. బిల్లు పెరిగిందా అని ఎదురింటాయన అడిగాడు. పెరిగిందని చెప్పాం. ఆయనకు చాలా సంతోషమేసింది.

ఇప్పుడు పాప పక్కన పడుకుని ఉంది, బాతు మేజోడు కాలికి వేసుకునే. నేను ఒక్కోసారి ఊపిరి బిగపట్టి, పక్కకు కదిలి, చప్పుడేమైనా వస్తుందేమోనని వింటుంటాను. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. అయినా రేపు మళ్లీ వింటాను.

అదే బడిలో మళ్లీ డెమో క్లాసు చెప్పాను. ఈసారి పుస్తకం ఎడమచేతిలో ఉంది. హెడ్మాస్టరు నడుము నొప్పి తగ్గినందుకు అభినందించి, సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ పొద్దున అత్త క్యారియర్ కడుతుంటే అడిగాను.

"అత్తా, మేజోట్లో ఉన్న బియ్యం ఏం చేసినావు?"

"ఏం చేస్తారే? పారబోస్తారా? డబ్బాలో కలిపినా." మూత బిగించి చేతికిచ్చింది. "ఇయ్యాళ అన్నంలో గూడా ఉంటాయి నాలుగు గింజలు. మిగల్చకుండా తిను."

కుడి భుజానికి సంచి ఉంది. క్యారియర్ ఎడమచేత్తో పట్టుకుని బడికి వెళ్లాను.