అంకాలమ్మ అడగని మాట

మైపాడులో వల చిరిగితే అంకాలమ్మ దగ్గరికే తెస్తారు. ఆమెకంటే చేయి చురుకైనవాళ్లు ఊళ్లో లేకపోలేదు. కానీ వాళ్లు సూది ఎత్తకముందే నోరెత్తుతారు. నలభై ఏళ్లలో అంకాలమ్మ ఎవరినీ "అక్కడెందుకు వేసినావు?" అని అడిగి ఎరగదు. "ఎక్కడ తగులుకునింది?" అంటుంది, అంతే. ఆ చోటేదో తెలుసుకుని, మర్నాడు పడవలెక్కే వాళ్లందరికీ చెబుతుంది. వల చించే రాయి ఎక్కడుందో దాచుకునేవాడు ఊరికే ద్రోహి అని ఆమె లెక్క.

అందుకే మనవరాలు గంగాభవాని కన్నతండ్రిని కాదని ఆమె దగ్గరికి వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల. చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుందన్నట్టు మూడు రోజులుగా తిరుగుతోంది. ఫోన్లో ఆడే ఆటలో, నెల్లూరు పిల్లనని చెప్పుకున్న ఎవడో ఫొటో అడిగి తీసుకున్నాడు. ఇప్పుడు దాన్ని పాడుగా మార్చి అందరికీ పంపుతానని, వద్దంటే ఇంకా ఫొటోలు ఇమ్మని బెదిరిస్తున్నాడు. నాన్నకు తెలిస్తే బడి మానిపిస్తాడని పిల్ల భయం. అంకాలమ్మ కొడుకు గంగాధరం కోపం ఎరిగినవాళ్లెవరూ ఆ భయం ఉత్తిదనరు.

అంకాలమ్మ సూది పక్కన పెట్టి పిల్లను దగ్గరికి తీసుకుంది. ఫోను గురించి ఆమెకు ఓనమాలు కూడా రావు. అయినా అలవాటైన మాటే నోటికొచ్చింది.

"ఎక్కడ తగులుకునింది మే?"

పిల్ల భోరుమంది. ఏడుపు తీరాక ఫోన్లో వాడి మెసేజీలన్నీ చూపించి, తుడిపేయబోయింది.

"తుడిపెయ్యబాక. చిరిగిన చోటు కత్తిరించేస్తే ఎట్ట చిరిగిందో ఎట్ట తెలుస్తాది? వాడికి బదులు మాత్రం ఇయ్యబాక."

ఆ రాత్రే అంకాలమ్మ కొడుకును కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. గంగాధరం విన్నాడు, అనుకున్నంతా అన్నాడు. "రేపట్నుంచి బడీ లేదు, ఫోనూ లేదు."

"పోయినేడు నీ వల మూడుసార్లు చిరిగింది. నిన్ను సముద్రానికి పోవద్దన్నానా అబ్బయా?"

 పిల్లల సాయం కోసం ఉన్న 1098 నంబరుకు గంగాధరం తనే ఫోన్ చేశాడు. మర్నాడు కూతురి వెంట స్టేషనుకు వెళ్లి, ఆమె చెబుతుంటే పక్కనే నిలబడ్డాడు. ఫిర్యాదు రాసుకున్నారు. వారం తిరిగేలోగా వాడి ఖాతా మూతపడింది.

ఆదివారం వలల పాకలో వీధి ఆడపిల్లలందరినీ కూర్చోబెట్టి, తను ఎక్కడ తగులుకున్నదీ భవానీ పూస గుచ్చినట్టు చెప్పింది.  ఎవరూ నవ్వలేదు. అందరూ లేచిపోయాక ఆరో తరగతి ధనలక్ష్మి మాత్రం అక్కడే నిలబడిపోయింది. చేతిలో వాళ్లమ్మ ఫోను.

"అక్కా, నాక్కూడా ఒకడు..."

అంకాలమ్మ సూది ఆగింది. ఎందుకు మాట్లాడావని మనవరాలు అడుగుతుందేమోనని చూసింది.

"ఎక్కడ తగులుకునింది మే?" అంది భవానీ.

అంకాలమ్మకు గర్వంతో గుండె నిండిపోయింది. ఒళ్లోని వల పక్కకు జరిపి, ఆ చిన్నదానికి చాప మీద చోటిచ్చింది.